చిన్న కారుకు మీ పథకంలో చోటెక్కడ? రాయగడ నుంచి ఒక బహిరంగ లేఖ

విద్యుత్ వాహనాల పథకాన్ని చూసే కేంద్ర మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఒడిశాలోని రాయగడలో సొంత కారును టాక్సీగా తిప్పుకొని బతికేవాణ్ణి. టాక్సీగా తిరిగే చిన్న కరెంటు కారుకు కూడా సాయం చేయమని మా స్టాండులోని వాళ్లమంతా సంతకాలు చేసి, ఢిల్లీకి ఇంగ్లిషులోనూ భువనేశ్వర్‌కు ఒడియాలోనూ విన్నవించుకున్నాం. జవాబు రాలేదు. ఈసారి తెలుగులో రాస్తే కనీసం మావాళ్లయినా చదువుతారు.

కరెంటు బండ్లకు సాయమిచ్చే కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ గురించి తమకు చెప్పేంతవాణ్ణి కాను. ఆ 10,900 కోట్లలో స్కూటరుకు, ఆటోకు, బస్సుకు, లారీకి, చివరికి అంబులెన్సుకు కూడా వాటా వేశారు. కారుకు మాత్రం వేయలేదు. దీనికి ముందున్న ఫేమ్-2 పథకంలో సొంతానికి కొనుక్కునే కారుకు కాకపోయినా టాక్సీగా తిరిగే కారుకు సాయం ఉండేది. 2024 మార్చితో అదీ పోయింది. అయితే కార్ల కోసం 22,100 ఫాస్ట్ ఛార్జర్లు పెడతామని అదే పథకంలో రాసుకున్నారు. కారు కొనలేనివాడికి ఛార్జర్ చూపించడం ఏ రకం ఉపకారమో తమరే సెలవియ్యాలి.

2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. సంతోషమే. కరెంటు కారుకు ఎప్పటి నుంచో ఉన్న 5 శాతమే ఉంది గనుక దాని ధర తగ్గలేదు. ఫలితంగా అప్పట్లో టాటా వాళ్ల పెట్రోలు టియాగో కారు షోరూమ్ ధర 5 లక్షల లోపుకు దిగితే, కరెంటు టియాగో దాదాపు 8 లక్షల దగ్గరే నిలిచింది. కిరాయిలు పడిపోయి, అత్యవసరమైతే తప్ప జనం కారు మాట్లాడుకోని ఈ రోజుల్లో ఆ 3 లక్షల తేడాను మాలాంటివాడు ఎక్కణ్ణుంచి తేవాలి?

అప్పు తెద్దామని ఒక బ్యాంకుకు వెళ్తే, అయిదేళ్ల తరువాత ఈ బ్యాటరీ బండిని ఎవరు కొంటారని మేనేజరు నన్నే అడిగారు. డీజిల్ బండికి అడిగిన దానికన్నా ఎక్కువ డబ్బు ముందే కట్టమన్నారు. కరెంటు బండి అప్పు వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు కూడా 2023 మార్చి వరకు మంజూరైన అప్పులకే పరిమితమట.

నిజానికి సరిహద్దు టాక్సీకి కరెంటు కారు వరమే. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని 2018లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మా కిరాయిల్లో ముఖ్యమైనవి విశాఖ ఆసుపత్రులకు రోగులను చేర్చేవే కాబట్టి, కూనేరు దాటి ఆంధ్రలో అడుగు పెట్టే బండికి అదెంత ఊరటో ఊహించండి. కానీ విశాఖ ఒక్కవైపే 150 కిలోమీటర్లు దాటుతుంది. మేము కొనగలిగే చిన్న బ్యాటరీ కారు కంపెనీ లెక్కలోనే 250 దాటదు; ఏసీ వేసి, నలుగురిని ఎక్కించి, కొమరాడ రోడ్డు గుంతల్లో నడిపితే ఎంతకు దిగుతుందో చెప్పక్కర్లేదు. దారిలో ఒక బంకు మూలన ఛార్జింగ్ యంత్రం ఉంది. దానికి ప్లాస్టిక్ సంచి తొడిగి కొబ్బరితాడుతో కట్టేశారు. కరెంటు కనెక్షన్ రాలేదని బంకు కుర్రాడు చెప్పాడు. వెనక సీట్లో డయాలసిస్ మనిషిని పడుకోబెట్టుకొని ఆ సంచి ముందు నిలబడమంటారా? (పనిచేసే చోట కూడా, బండి మీద 5 శాతం పన్ను వేసే ప్రభుత్వమే ఛార్జింగ్ మీద 18 శాతం తీసుకుంటోంది. ఈ లెక్క నాకు అర్థం కాలేదు.)

టాక్సీగా తిరిగే చిన్న కార్లను ఫేమ్-2లో లాగే మళ్లీ పథకంలో చేర్చండి. అది కుదరకపోతే బ్యాంకు అప్పుకు ప్రభుత్వ హామీ అయినా ఇప్పించండి. ఆ 22,100 ఛార్జర్లలో కొన్నింటిని రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దారిలో పెట్టించండి, పెట్టినవాటికి కరెంటు కూడా ఇప్పించండి. వచ్చే ఏడు నా డీజిల్ బండిని మార్చక తప్పదు. అప్పటిలోగా ఏదో ఒక జవాబు, కాదనే జవాబైనా సరే, దయచేయండి. కాదంటే పెట్రోలు కారుకు బయానా కట్టేస్తాను.

ఇట్లు,
రాయగడ టాక్సీ స్టాండులో ఒక బండి యజమాని