ఫోన్‌లోనూ దారిలోనూ అడిగే వైద్య సలహాల గురించి మా క్లినిక్ నుంచి ఒక మాట

మా క్లినిక్‌ను నమ్ముకుని వస్తున్న మీ అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి నా సొంత ఫోన్‌కు వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలకూ, దారిలో అడిగే ప్రశ్నలకూ మందుల పేర్లు చెప్పడం మానేస్తున్నాను. స్నేహితులకూ, బంధువులకూ, మా సిబ్బంది ఇళ్లలోని వారికీ ఇదే వర్తిస్తుంది. ఈ నిర్ణయం కొందరికి కష్టంగా తోస్తుందని తెలుసు కాబట్టి, కారణాలను దాచకుండా మీ ముందు పెడుతున్నాను.

నలుగురూ కలిసిన చోట డాక్టరు కనబడితే, "మోకాలు నొప్పిగా ఉంది, ఏదైనా మాత్ర చెప్పండి" అని అడగడం సహజం. అడిగిన వారి తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క మాట విని నేను డైక్లోఫినాక్ అనో ఇబుప్రొఫెన్ అనో చెప్పి పంపితే, ఆయన అప్పటికే బీపీకి రామిప్రిల్ వంటి మందునూ, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందునూ వాడుతూ ఉండవచ్చు. ఆ రెండింటికీ నొప్పి మాత్ర తోడైతే మూత్రపిండాలకు రక్తం సరిగా అందక అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. వయసు పైబడిన వారిలోనూ, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన వారిలోనూ ఆ ప్రమాదం మరీ ఎక్కువ. అదే మనిషి క్లినిక్‌కు వస్తే పాత చీటీలు చూస్తాను, కడుపులో పుండు ఉండేదా అని అడుగుతాను, మోకాలిని చేత్తో పట్టుకుని వంచి చూస్తాను, అవసరమనిపిస్తే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తాను. దారిలో నిలబడి చెప్పే సలహాలో వీటిలో ఏ ఒక్కటీ ఉండదు. పైగా ఆ సలహా ఎక్కడా రాసి ఉండదు కనుక, రేపు మరో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయనకు దాని సంగతే తెలియదు.

ఫోటోలతోనూ ఇలాంటి చిక్కే ఉంది. తామరను ఫోటోలో చూసి మామూలు దురద అనుకుని స్టెరాయిడ్ కలిసిన క్రీము చెబితే, మొదట ఎరుపూ దురదా తగ్గుతాయి, లోపల మాత్రం ఫంగస్ పాకుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు మచ్చ రూపమే మారిపోయి, దాన్ని గుర్తుపట్టడం చర్మవైద్యులకు సైతం కష్టమవుతుంది.

రక్తపరీక్షల రిపోర్టులో ఎర్ర అక్షరాలు చూసి రాత్రివేళ ఫోటో పంపే వారి భయం నాకు బాగా అర్థమవుతుంది. సాధారణంగా రిపోర్టులో ఫలితం పక్కన ఉండే మామూలు హద్దులను ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపలికి వచ్చేలా నిర్ణయిస్తారు. కాబట్టి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం సుమారు 64 శాతం ఉంటుంది. ఆ అంకెకు అర్థం ఉందా లేదా అన్నది మనిషిని చూస్తేనే తేలుతుంది. చూడకుండా "ఏం ఫరవాలేదు" అనడం ఎంత తప్పో, చూడకుండా కంగారు పెట్టడమూ అంతే తప్పు.

దగ్గరితనం వైద్యానికి మేలు చేస్తుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో తరచుగా జరిగేది దీనికి విరుద్ధం. స్నేహితుడు తన తాగుడు గురించి నాతో చెప్పడానికి మొహమాటపడతాడు, నేనూ అడగడానికి మొహమాటపడతాను. మనసు బాగాలేకపోవడం, లైంగిక సమస్యలు వంటివైతే అసలు బయటికే రావు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లో వెలువరించిన నీతి నియమావళిలోనే, సొంతవారికి జబ్బు చేసినప్పుడు కలిగే ఆందోళన వైద్యుని వివేచనను మసకబారుస్తుందని రాశారు. అందుకే మా ఇంట్లో వారిని కూడా నేను మరో డాక్టరు దగ్గరికే పంపుతున్నాను.

మరొక విన్నపం. "ఫలానా వారికి ఏమైందండీ?" అని దయచేసి నన్ను అడగవద్దు. వైద్యం చేసేటప్పుడే కాక, దాని వెలుపల విన్న రహస్యాలను కూడా బయటపెట్టనని గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట ఉన్న ప్రాచీన ప్రమాణం చెబుతుంది. మీ గురించి ఎవరు అడిగినా నా జవాబు అదే.

ఇదంతా ఫీజు కోసమేనా అన్న అనుమానం కొందరికి రావచ్చు. క్లినిక్ అద్దె, సిబ్బంది జీతాలు ఫీజుల మీదే నడుస్తాయి, అందులో దాచేదేమీ లేదు. అయినా ఇవ్వలేని స్థితిలో ఉన్నవారు ముందు గదిలో ఉన్న మా అమ్మాయితో ఆ మాట చెబితే చాలు, వైద్యం ఆగదు. ఫీజు తీసుకున్నా తీసుకోకపోయినా ప్రతి ఒక్కరినీ లోపల కూర్చోబెట్టి చూస్తాను, కేసు షీటు రాస్తాను, చీటీ ఇస్తాను.

మా దగ్గర ఇప్పటికే చికిత్స పొందుతున్న వారు, ఇచ్చిన మందు పడకపోయినా, ఎలా వేసుకోవాలో అర్థం కాకపోయినా క్లినిక్ నంబరుకు ఫోన్ చేయండి. మీ కేసు షీటు ముందు పెట్టుకుని సాయంత్రం నేనే మాట్లాడతాను. కొత్త ఇబ్బంది ఏదైనా వస్తే మాత్రం రావలసిందే.

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం వంటివి కనిపిస్తే నాకు మెసేజీ పెట్టి జవాబు కోసం ఎదురు చూడవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఆ మందు ఇచ్చే ముందు స్కానింగు కూడా జరగాలి. ఇక షుగర్ ఉన్నవారిలో గుండెపోటు పెద్ద నొప్పి లేకుండా, ఆయాసంగానో చెమటలుగానో రావచ్చు. అలాంటి సమయంలో నేను మీ పక్కనే ఉంటే చేయగలిగినదంతా చేస్తాను. ఈ కొత్త నియమం అప్పుడు అడ్డు రాదు.

ఇప్పటికే నా ఫోన్‌లో ఉన్న ప్రశ్నలకు జవాబు లేకుండా వదిలేయను. వాటిని పంపిన వారందరికీ ఈ వారంలో క్లినిక్ నుంచి ఫోన్ వస్తుంది. వచ్చేటప్పుడు ప్రస్తుతం వాడుతున్న మందులన్నిటినీ, మందుల షాపులో మీరే కొనుక్కున్న వాటితో సహా, అట్టలతోనే తీసుకురండి.