కనిపించిన ప్రతి నత్తా ఆఫ్రికా నత్త కాదు

సంపాదకులకు,

వానలు పడ్డాయంటే చాలు, బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక నత్త ఫొటో, దాని కింద ‘ఉప్పు చల్లండి’ అనే సలహా. ఆఫ్రికా నత్త పీడ నిజమే. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి తోటలో వదిలిన నాటి నుంచి అది మన దేశంలో ఉంది. కానీ ఉప్పుకు ఆఫ్రికాదేదో ఇక్కడిదేదో తెలియదు. అన్నిటినీ చంపుతుంది, మట్టినీ పాడు చేస్తుంది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. గుల్ల మొన పైకి, నోరు (నత్త బయటికొచ్చే గుల్ల ద్వారం) మన వైపు ఉండేలా పట్టుకోవాలి. ఆఫ్రికా నత్త గుల్ల పొడుగు దాదాపు వెడల్పుకు రెట్టింపు, పెద్దదైతే 7 నుంచి 9 చుట్లు, గోధుమ రంగు మీద ముదురు నిలువు చారలు. నోటి లోపల నడిమి కాడ (గుల్ల చుట్లన్నీ తిరిగే ఇరుసు) కింది కొస కత్తితో కోసినట్టు ఠక్కున ఆగిపోతుంది. పిల్ల నత్తల్లోనూ పనికొచ్చే గుర్తు ఇదే. మన తోటల్లో మామూలుగా ఉండే మాక్రోక్లామిస్ రకాలది బల్లపరుపు గుల్ల, పల్చగా, నూనె రాసినట్టు మెరుస్తుంది.

అలా పట్టుకున్నప్పుడు నోరు కుడి పక్కన ఉంటే కుడి చుట్టు, ఎడమన ఉంటే ఎడమ చుట్టు. పూజలో వాడే దక్షిణావర్త శంఖం ఈ లెక్కన ఎడమ చుట్టే! మనవాళ్లు మొన కిందికి పెట్టి చూస్తారు, అందుకే ఆ తికమక. పడమటి కనుమల ఏరియోఫాంటా లేవిపెస్ అనే నత్తది నిజంగానే ఎడమ చుట్టు. ఒక జాగ్రత్త: సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో బొమ్మ అద్దంలోలా తిరగబడి, కుడి చుట్టు నత్త కాస్తా ఎడమ చుట్టుదైపోతుంది.

గుల్ల లేని నల్లటి తోలు నత్తను జలగ అనుకుని భయపడేవాళ్లు చాలామంది. జలగకు కొమ్ములుండవు. తోలు నత్తకు వీపు పొడుగునా సన్నటి లేత గీత ఉంటుంది, ముందు నుంచి కొమ్ములు తొంగిచూస్తాయి. ఇదీ ఆఫ్రికా నుంచి వచ్చిందే. కుడి పక్కన ఊపిరి పీల్చే రంధ్రం కనిపిస్తే మాత్రం అది వేరే రకం.

అడవి అంచుల్లో వెతకాలంటే వాన వెలిసిన సాయంత్రం టార్చితోగానీ, తెల్లారి ఎండెక్కకముందుగానీ వెళ్లాలి. రాయినైనా దుంగనైనా అవతలి అంచు పట్టి మన వైపుకు ఎత్తాలి. కింద పాము గానీ తేలు గానీ ఉంటే మధ్యలో రాయి అడ్డుంటుంది. చూశాక ఎలా ఉందో అలాగే పెట్టేయాలి. బన్నేరుఘట్ట, తురహళ్లి లాంటి అడవుల్లో అనుమతి లేకుండా ఖాళీ గుల్ల కూడా ఏరకూడదు, ఫొటోతో సరి.

అసలు సంపద రాలిన ఆకుల్లో ఉంది, 2, 3 మిల్లీమీటర్ల నత్తలు. సొంత తోటలోంచి లీటరు ఆకుచెత్త గుడ్డ సంచిలో తెచ్చి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, ముందు 5 మిల్లీమీటర్ల జల్లెడలో, తర్వాత 1 మిల్లీమీటరు జల్లెడలో పట్టాలి. తడిగా జల్లిస్తే మట్టి అతుక్కుని జల్లెడ కళ్లు పూడుకుపోతాయి. ప్లాస్టిక్ కవరులో తెస్తే చెమట పట్టి కుళ్లిపోతుంది. రెండో జల్లెడలో మిగిలింది తెల్ల కాగితం మీద పరిచి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడాలి. సాటి నత్తల్నే తినే హట్టొనెల్లా బైకలర్ ఇలాగే దొరుకుతుంది: గాజులాంటి గుల్ల, లోపల నారింజ రంగు ఒళ్లు. దీన్ని ఉప్పేసి చంపితే నష్టం మనకే.

ఫొటోలో కొలతకు రూపాయి బిళ్ల వద్దు, అది రకరకాల సైజుల్లో వచ్చింది. స్కేలు పెట్టండి. నోటి వైపు, పై నుంచి, అడుగు నుంచి, పాకుతుండగా, నాలుగు ఫొటోలుండాలి. ఫోన్ యాప్ చెప్పిన పేరు ఒక్కోసారి యూరప్ నత్తదై ఉంటుంది.

చేతికి గ్లవుజులు తప్పనిసరి. మెదడు పొరల వాపు తెచ్చే ఎలుక ఊపిరితిత్తుల పురుగు ఆఫ్రికా నత్తలోనూ, తోలు నత్తలోనూ ఉండొచ్చు.

మీకొక మనవి. ఆఫ్రికా నత్తల వార్త వేసినప్పుడల్లా గుట్టగా పోసిన ఫొటో కాకుండా, నోటి లోపలి కాడ స్పష్టంగా కనిపించే ఒక్క గుల్ల ఫొటో వేయండి.

– ప్రకృతి పరిశీలకులు కొందరు, జె.పి. నగర్, బెంగళూరు