పాండురంగారావుకు ఇంకో కేసు కావాలి

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరానికి జవాబు చాలా ఆలస్యమైంది, క్షమించు. తిట్లన్నీ దాచిపెట్టుకో, కలిసినప్పుడు వరసగా వింటాను. అమ్మ మోకాలు నయం. ఇంటికి రంగులు వేయించాం. బదిలీ సంగతి ఇంకా తేలలేదు. ఇక అసలు విషయం.

రాత్రి మా అన్నయ్య కూతురికి ‘చంటబ్బాయ్’ చూపించాను!

పదో తరగతి పిల్ల. పాత సినిమా అనగానే ముఖం ముడుచుకుని ఫోను పట్టుకుని కూర్చుంది. నేనేమీ అనలేదు. శ్రీలక్ష్మి తన రచనలతో సంపాదకుడి ముందు ప్రత్యక్షమైంది చూడు, సుత్తి వీరభద్రరావు ముఖం చూసి ఫోను పక్కన పెట్టింది. అరటికాయ లంబాలంబా వంట దగ్గరకు వచ్చేసరికి సోఫా మీంచి కిందికి జారి కడుపు పట్టుకుంది. ఏమైందోనని వంటింట్లోంచి అమ్మ కంగారుగా వచ్చింది. వచ్చి, గరిటె చేతిలో పట్టుకునే నిలబడి చూసింది.

నాకు ఎంత సంతోషం వేసిందో! 1986 నాటి సినిమా రా అది. ‘ఖైదీ’ వచ్చి మూడేళ్లే అయింది, జనం చిరంజీవి ఫైట్ల కోసం ఎగబడుతున్న రోజులు. అలాంటప్పుడు ఆయన జేమ్స్ పాండ్‌నని చెప్పుకుని తిరిగే డిటెక్టివ్ పాండురంగారావుగా కనిపించాడు, చాప్లిన్ వేషం కూడా కట్టాడు. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది. మన మూడో బెంచీ ఏజెన్సీ పుట్టింది ఆయన వల్లే కదా. పచ్చ గొడుగు కేసు గుర్తుందా? మాస్టారి కళ్లజోడు... వద్దులే, రాస్తే మీ ఆవిడ చదువుతుంది.

సినిమా అయ్యాక పిల్ల అడిగింది, “బాబాయ్, రెండో భాగం పెట్టు.” లేదంటే నమ్మదే! “డిటెక్టివ్ కదా, ఇంకో కేసు రాకుండా ఎలా ఉంటుంది?” అంది.

అంతే, నాకు నిద్ర పట్టలేదు. నిజమే కదరా? ప్రేమకథకు పెళ్లితో శుభం కార్డు వేయొచ్చు, డిటెక్టివ్‌కు తలుపు తట్టేవాడు ఒకడు చాలు. ‘శంకర్ దాదా’గా 2004లో నవ్వించినవాడు 2007లో మళ్లీ రాలేదా? ‘లేడీస్ టైలర్’కు వంశీ 2017లో కొడుకు కథ తీశారు. నాకు మాత్రం కొడుకు కథ వద్దు. పాండురంగారావే కావాలి, ఇప్పటి వయసుతోనే, నెరిసిన జుట్టుతోనే.

కథ కూడా అల్లేశాను, విను. వీధి వీధికీ కెమెరాలు వచ్చాక డిటెక్టివ్‌తో ఎవరికీ పని లేదు. ఏజెన్సీ బోర్డు మీద దుమ్ము. ఒకరోజు శ్రీలక్ష్మి వస్తుంది. పత్రిక మూతపడింది, అందులో అచ్చుకాకుండా ఉండిపోయిన ఆవిడ కవితల కట్ట మాయమైంది. దాన్ని దొంగిలించే మనిషి ఈ లోకంలో ఎవరుంటారు? అదీ కేసు! సంపాదకుడి పాత్ర ఇంకెవరికీ ఇవ్వకూడదు. వీరభద్రరావు గారు 1988లోనే వెళ్లిపోయారు. గోడ మీద ఆయన ఫొటో ఉండాలి, దాని ముందు నిలబడి శ్రీలక్ష్మి కొత్త కవిత చదవాలి. ఇది రాస్తుంటేనే నవ్వు వస్తోంది, కళ్లూ చెమరుస్తున్నాయి.

ఆ సినిమా తీసిన జంధ్యాల గారు లేరు కదా అంటావు. ఆ మాట దగ్గరే రాత్రి చాలాసేపు ఆగిపోయాను. 2001లో, యాభై ఏళ్లకే... ఒక్కో మనిషికి ఒక్కో పిచ్చి తగిలించి, ఒక్క బూతు మాట లేకుండా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టడం ఆయన తర్వాత ఎవరికి అంత తేలికగా వచ్చింది చెప్పు? కానీ శ్రీనూ, కథకు మూలం మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల. ఆయనే పాండురంగారావుకు ఇంకో కేసు రాసిస్తే? జంధ్యాల మాటలను ప్రేమించి పెరిగిన కుర్రవాడెవడైనా సంభాషణలు రాస్తే? నాకు నమ్మకం ఉందిరా. తీస్తే మొదటి ఆటకు నువ్వు రైలెక్కి రావాలి, పక్క సీటు నీదే.

అయ్యో, మీ బావగారు కింద హారన్ కొడుతున్నారు. ఈ ఉత్తరం, ఆవకాయ సీసా ఆయన చేతికే ఇస్తున్నాను. సుహాసిని పాత్ర గురించి చెప్పనే లేదు, జ్వాల ఈసారి ఊరికే ఇంట్లో కూర్చోదు, అసలు ఆ కట్ట ఎక్కడుందో మొదట కనిపెట్టేది ఆవిడే, ఎలాగంటే... మళ్లీ హారన్! మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ
రాము