కోడూరు దాటుంటే

కడప,
ఆదివారం రాత్రి

ఒరేయ్ అబ్బీ,

ఫోన్లో నీతో గెలవలేను, అందుకే రాస్తాండా. సగం వినకముందే "సరేలేరా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్ల పెట్టేయలేవు కదా.

నువ్వు చూడమన్న ఆ ఫ్రెంచి సినిమా, 'ద ఫోర్ హండ్రెడ్ బ్లోస్', రెండుసార్లు చూస్తి. మొదటిసారి సరిగ్గా ఆఖర్లో మాయమ్మ వచ్చి "గ్యాసు కట్టేసినావా" అని అడిగె, మొత్తం పోయె. 1959 నాటి సినిమా అయినా పాతవాసన లేదు. పేరు చూసి ఆ నాలుగువందల దెబ్బలు ఎవరికి పడతాయా అని కూచుంటి. తీరా చూస్తే ఫ్రెంచిలో ఆ మాటకు అల్లరిచిల్లరగా తిరగడం అని అర్థమంట!

సరే, అసలు పంచాయితీకి వస్తా. సినిమా ఆఖర్లో పిల్లోడు సముద్రం చేరినాడు, ఇంక వానికి విడుదల, సుఖాంతం అంటివి. నేను ఒప్పుకోను. బాలనేరస్థుల కేంద్రంలో ఫుట్‌బాల్ ఆడతా ఆడతా కంచె కింద దూరి పరుగెత్తుతాడు చూడు, కెమెరా వాని పక్కనే పోతా ఉంటాది. వాని అడుగుల చప్పుడే వినపడతాది. ఆ మొహంలో నీకు సంతోషం యాడ కనపడిందిరా? నీళ్లలో నాలుగడుగులేసి వెనక్కి తిరుగుతాడు, మన కళ్లలోకే చూస్తాడు, బొమ్మ ఆగిపోతాది. బడి నుంచి, ఇంటి నుంచి పారిపోయినప్పుడల్లా ముందర దోవ ఉండె. ఇక్కడ దోవే అయిపోయె.

ఇంతకీ వాడు చేసిన నేరమేంది? సవతి తండ్రి ఆఫీసులో టైప్‌రైటర్ ఎత్తుకపోయినాడు. ఎత్తుకపోయేటప్పుడు దొరకలే. అమ్ముడుపోక, మళ్లీ పెట్టేసొద్దామని టోపీ పెట్టుకుని పోతే దొరికినాడు. ఆ తండ్రే పోలీసులకు అప్పజెప్పె. రాత్రి పోలీసు వ్యాను ఊచల్లోంచి పారిస్ దీపాలు చూసి ఏడ్చినోడు, సముద్రం ముందర ఏడవడు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

నువ్వు ఒక్కమాటైనా అనని సీన్ ఇంకోటుంది. కేంద్రానికి వాళ్లమ్మ వచ్చిన రోజే వాని జతగాడు రెనే కూడా సైకిలేసుకుని వస్తాడు. లోపలికి రానీరు. అమ్మ లోపలికొచ్చి, నీతో మాకు సంబంధం లేదన్నట్టు మాట్లాడి పోతాది. చూడాలని వచ్చినోడేమో గేటు కాడి నుంచే వెనక్కి.

డైరెక్టర్ త్రూఫో సొంత బాల్యమే ఇందులో చాలా ఉంది. ఆయన్నూ చిన్నప్పుడు అట్లాంటి చోటే వేసినారు. కానీ ఆయనకు ఆంద్రే బజాన్ అనే సినిమా విమర్శకుడు దొరికె, చేరదీసె. 1958 నవంబరులో షూటింగ్ అప్పుడే మొదలైందనంగా బజాన్ పోయినాడు. సినిమా ఆయనకే అంకితం. అది తెలిసినాక ఆ ఆఖరి చూపు నాకు వేరేగా కనపడె. వాడు వెనక్కి తిరిగింది సముద్రం చాలైపోయి కాదు, వెనకాల ఎవరన్నా వచ్చినారేమో అని. ఎవరూ రాలే. మనమే ఉన్నాం, మనమేమో కుర్చీలో కూచోనుంటిమి.

మనమూ పోతిమి కదరా సముద్రం చూడను! తొమ్మిదో తరగతిలో, లెక్కల పేపరు ఇచ్చిన రోజు, మీ నాయన గల్లాలో నువ్వు తీసిన డబ్బుతో. మద్రాసు పోదామని ఎక్కి కోడూరులో టీసీకి దొరికితిమి. బెంచీ మీద కూచోబెడితే నువ్వు చెప్పులు చూసుకుంటా ఉంటివి, నేను రైలుపట్టాలు చూస్తా ఉంటి. సాయంత్రం బండికి మీ నాయన దిగె. నిన్ను ఒక్కటి పీకి, నన్ను పీకబోయి ఆగి, ఇద్దరికీ అరటిపండ్లు కొనిచ్చె. మిగిలిన నలభై రూపాయలు నువ్వు ఆయన చేతిలో పెడితివి. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టే మనిషి, లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు చెప్పు, కోడూరు దాటుంటే మద్రాసులో దిగి ఏం చేసేటోళ్లం? జవాబు జాబులోనే రాయి. ఫోన్ చేస్తే ఎత్తను.

నీ పాత బెంచీ జతగాడు