పదమూడు కొట్టిన గడియారం గురించి అక్కకు

కేంబ్రిడ్జ్,
ఆదివారం సాయంత్రం

అక్కా,

నీ ఏడో తరగతి పిల్లల సంగతి నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసులో అదే తిరుగుతోంది. కథ చెప్పమంటే గడగడా చెప్పేస్తారనీ, "ఆ అమ్మాయి అలా ఎందుకు చేసింది?" అని అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారనీ అన్నావు. ఫోన్లో అయితే సగం అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించీ, సగం మీ ట్రాన్స్‌ఫర్ల గురించీ మాట్లాడుకుని పెట్టేస్తాం. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

దయ్యాల కథ చదివితే పిల్లలు కదలకుండా వింటారన్నావు కదా. వింటారు, నిజమే. కానీ తర్వాత ఏమవుతుందోనన్న టెన్షన్‌లో పడి కథలోని మనుషుల్ని పట్టించుకోరు. తలుపు చప్పుడైంది, దీపం ఆరింది, ఎవరో నడిచారు, ఇవే గుర్తుంటాయి. అందుకని నీ శనివారం క్లాసుకి ఒక నవల పంపుతున్నాను. ఇందులో మిస్టరీ ముడి విప్పాలంటే మనుషుల్ని అర్థం చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. పేరు టామ్స్ మిడ్‌నైట్ గార్డెన్. రాసినావిడ ఫిలిపా పియర్స్. 1958లో వచ్చింది, ఆ ఏడాదికి ఇక్కడ పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ మెడల్ దీనికే వచ్చింది. మా చిన్నాడికి నేను రాత్రిళ్ళు చదివి వినిపించాను. వాడు నిద్రపోయాక కూడా నేను చదువుతూ కూర్చున్న రాత్రులున్నాయి.

కథ ఇది. టామ్ తమ్ముడు పీటర్‌కి తట్టు పోస్తుంది. అంటుకుంటుందని టామ్‌ని వేసవి సెలవుల్లో ఆంటీ, అంకుల్ దగ్గరికి పంపేస్తారు. వాళ్ళుండేది ఒక పాత పెద్ద ఇంట్లో. ఇల్లంతా వాటాలుగా విడగొట్టి అద్దెకిచ్చారు. తోట లేదు, వెనక చెత్తడబ్బాలు పెట్టుకునే ఇరుకు పెరడు తప్ప. ఆడుకోవడానికి ఎవరూ లేరు. కింద హాల్లో నిలువెత్తు గోడగడియారం ఒకటుంది. అది పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఇంటావిడ మిసెస్ బార్తలొమ్యూది. ముళ్ళు సరిగ్గానే తిరుగుతాయి కానీ గంటలు మాత్రం ఇష్టమొచ్చినట్టు కొడుతుంది. ఒక రాత్రి పదమూడు కొడుతుంది.

ఇక్కడ కాస్త ఆగు అక్కా, నేను చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది. పిల్లలు రోజుకి పది గంటలు పడుకోవాలని అంకుల్ నియమం. మంచం దిగనని టామ్ మాటిచ్చాడు. ఆంటీ ప్రేమ కొద్దీ వెన్నా మీగడా దట్టించి పెడుతుంటే, పగలంతా కదలకుండా కూర్చున్న వాడికి ఆ తిండికి నిద్రెక్కడ పడుతుంది? గంటలు లెక్కపెడుతూ పడుకుని ఉంటాడు. పదమూడో గంట వినబడగానే వాడి బుర్ర పనిచేస్తుంది. మామూలు లెక్కలో లేని గంట ఇది. అంటే ఇచ్చిన మాటకు బయట ఉన్న గంట. కాబట్టి ఇది నాదే! మాట తప్పడం వాడికి ఇష్టం లేదు, మంచం మీద ఉండిపోవడమూ ఇష్టం లేదు. రెండింటికీ మధ్య సందు వెతుక్కుంటాడు. అసలు టైమెంతో చూద్దామని కిందికి దిగుతాడు. చీకట్లో గడియారం ముఖం కనబడదు. వెన్నెల లోపలికి పడుతుందని పెరటి తలుపు తీస్తాడు. చెత్తడబ్బాలుండాల్సిన చోట పచ్చిక, పూలపాదులు, పెద్ద పెద్ద చెట్లు.

చూశావా, ఆ తలుపు తెరిచింది ఏ దయ్యమూ కాదు. నిజాయితీ ఉన్న ఒక ఒంటరి పిల్లాడు. వాడు మాట లెక్కచేయనివాడైతే మొదటి రాత్రే దిగి తిరిగేవాడు. మరీ బుద్ధిమంతుడైతే అసలు దిగేవాడే కాదు. నీ పిల్లల్ని ఇక్కడ ఆపి, "టామ్ కిందికి ఎందుకు దిగాడు?" అని అడుగు. మొదట "గడియారం పదమూడు కొట్టింది కాబట్టి" అంటారు. ఒప్పుకోకు. "అదే గంట మీరు విని ఉంటే దిగేవాళ్ళా?" అని మళ్ళీ అడుగు. అప్పుడు ఎవరి మాట వాళ్ళకుంటుంది.

తోటలో టామ్‌కి హ్యాటీ అనే అమ్మాయి కనబడుతుంది. అమ్మానాన్నా లేని పిల్ల. పెదనాన్న ఇంట్లో పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. ఆవిడది రాయి లాంటి మనసు. అన్నల వరసయ్యే మగపిల్లలు ముగ్గురు, కలిసి ఆడరు. టామ్ హ్యాటీకి కనబడతాడు కానీ ఇంట్లో మిగతా ఎవరికీ కనబడడు. తోటమాలి ఏబెల్‌కి కనబడతాడని మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఆయన భక్తిపరుడు, వీణ్ణి సైతానని అనుకుని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. హ్యాటీ మొదట్లో టామ్‌తో తను బందీ అయిన రాకుమారినని చెబుతుంది. నీ క్లాసులో దీన్ని అబద్ధం అంటారో, ఆట అంటారో, ఇంకేమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది. తర్వాత ఒకచోట బాతులు కంచె సందులోంచి దూరి తోటంతా పాడుచేస్తాయి. పెద్దమ్మ అందరి ముందూ హ్యాటీని పట్టుకుని నానా మాటలూ అంటుంది. ఎంగిలి మెతుకులు తిని బతుకుతున్నావన్నట్టు. టామ్ చూడలేక ముఖం తిప్పుకుంటాడు. ఆ తర్వాత రాకుమారి మాట వాడు ఎప్పుడూ ఎత్తడు. ఎందుకు ఎత్తడో రచయిత్రి ఎక్కడా వివరించదు, చదివేవాళ్ళకు వదిలేస్తుంది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఇక దయ్యం ఎవరన్న ప్రశ్న. టామ్ అడుగులు మంచు బిందువుల మీద పడవు. చలి తగలదు. మూసిన తలుపులోంచి కష్టపడి దూరిపోతాడు. ఆధారాలన్నీ చూస్తే వాడే దయ్యం! కానీ ఆ తోట ఇప్పుడు లేదు, హ్యాటీ గౌను చూసి విజ్ఞాన సర్వస్వంలో వెతికితే విక్టోరియా రాణి కాలం నాటిదని తేలింది, కాబట్టి ఆమే ఎప్పుడో చచ్చిపోయిన దయ్యమని వాడి వాదన. ఇద్దరూ నువ్వంటే నువ్వని పోట్లాడుకుంటారు. చివరికి హ్యాటీ ఏడుస్తుంది, నేను చచ్చిపోలేదని. నీ పిల్లల్ని రెండు జట్లు చేసి ఇక్కడ వాదించమను. ఎవరు గెలిచినా పర్లేదు. వాదన అయ్యాక ఒక్కటి అడుగు: హ్యాటీ ఏడ్చింది ఓడిపోయినందుకా? అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లని నువ్వు కూడా చచ్చిపోయావంటే ఎలా ఉంటుంది?

మనం చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు ఎలా చదివేవాళ్ళమో గుర్తుందా? నాన్నగారు చివరి పేరా చేత్తో మూసేసి ముందు మనల్ని చెప్పమనేవారు. బేతాళుడు ఏ రోజైనా "తర్వాత ఏమైంది?" అని అడిగాడా? అడగడు. కథంతా తనే చెప్పి, రాజు ఎందుకలా చేశాడు, ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడుగుతాడు. శవం, శ్మశానం, చీకటి అన్నీ ఉన్నా చివరికి తేలాల్సింది మనిషి మనసే. ఈ నవలకు కూడా ప్రతి అధ్యాయం చివరా నువ్వు బేతాళుడిలా ఒక ప్రశ్న వెయ్యి. ఒక్కటే. క్వశ్చన్ పేపర్‌లా పది ప్రశ్నలు వేస్తే కథ చచ్చిపోతుంది.

మిస్టరీలో అసలు చిక్కు కాలం. టామ్ రోజూ రాత్రి వెళ్తాడు, కానీ తోటలో రోజులు వరసగా నడవవు. ఒక రాత్రి పిడుగుపాటుకి కూలిపోయిన చెట్టు తర్వాతి రాత్రి నిక్షేపంలా నిలబడి ఉంటుంది. తనతో ఆడుకున్న హ్యాటీ ఒకసారి ఇంకా చిన్నపిల్లై, నల్లగౌనులో, అమ్మానాన్నలు పోయిన కొత్తలో వెక్కివెక్కి ఏడుస్తూ కనబడుతుంది. అంకుల్ కాలం గురించి పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెబుతాడు, ఏదీ ముడి విప్పదు. పైగా హ్యాటీ చకచకా ఎదిగిపోతూ ఉంటుంది. టామ్ మాత్రం అంతే ఉంటాడు.

స్కేట్స్ సంగతి చెప్పకుండా ఉండలేను. మంచు మీద జారడానికి బూట్లకి కట్టుకునే ఇనుప పట్టీలవి. టామ్ పడుకునే గదీ, హ్యాటీ గదీ ఒక్కటే, మధ్యలో ఎన్నో ఏళ్ళ తేడా. వాడడం అయ్యాక ఆ గది అల్మారాలో చెక్కనేల కింద దాచిపెట్టమని టామ్ హ్యాటీ చేత మాట తీసుకుంటాడు. తెల్లారి తన కాలంలో లేచి ఆ చెక్క ఊడదీస్తే స్కేట్స్ అక్కడే ఉంటాయి, పాతబడి, తుప్పు వాసనతో, ఆమె రాసి పెట్టిన చీటీతో సహా. తర్వాత ఇద్దరూ గడ్డకట్టిన నది మీద ఈలీ అనే ఊరి దాకా జారుకుంటూ వెళ్తారు. ఇద్దరి కాళ్ళకీ ఉన్నది ఒకే జత! తర్కంతో చూస్తే తల తిరుగుతుంది కానీ లెక్క ఎక్కడా తప్పదు. నేల కింద ఉన్నది ఇనుము కాదు, ఒక పిల్ల నిలబెట్టుకున్న మాట. మొదట్లో మాట కోసం సందు వెతికిన పిల్లాడికి, అన్నేళ్ళు మాట నిలబెట్టుకున్న అమ్మాయి స్నేహితురాలు. ఈ రెండూ కలిపి చూడమని పిల్లలకు చెప్పు.

ఈ ఊళ్ళన్నీ మాకు దగ్గరే. ఫిలిపా పియర్స్ పెరిగింది ఇక్కడికి దగ్గర్లోని గ్రేట్ షెల్‌ఫర్డ్ అనే ఊళ్ళో, నది ఒడ్డున మిల్లు ఇంట్లో. వాళ్ళ నాన్న పిండిమర యజమాని. కథలోని తోటకి ఆ ఇంటి తోటే ఆధారం. ఆ ఇల్లు చేతులు మారబోతున్న రోజుల్లో ఆవిడ ఈ నవల రాసింది. నవలలో కేంబ్రిడ్జ్‌కి కాసిల్‌ఫర్డ్ అని వేరే పేరు పెట్టింది కానీ ఈలీకి మాత్రం ఈలీ పేరే ఉంచింది. 1894-95 చలికాలంలో ఇక్కడ నదులు గడ్డకట్టి జనం వాటి మీద స్కేటింగ్ చేశారు. ఇక్కణ్ణుంచి ఈలీకి రైల్లో పావుగంట. నేలంతా మన డెల్టాలా చదును, కాలువలు, గట్లు. చర్చి గోపురం ఎంతో దూరం నుంచే కనబడుతుంది. కథలో టామ్, హ్యాటీ ఆ గోపురం ఎక్కుతారు. అక్కడ పీటర్ కనబడతాడు. ఇంట్లో పడుకుని అన్న ఉత్తరాలే తలుచుకుంటున్న ఆ తమ్ముడు! వాణ్ణి చూసి హ్యాటీ, ఇతనూ నీలాగే పల్చగా, అవతలిది కనబడేలా ఉన్నాడంటుంది. ఆమెకి తను మసకబారిపోతున్నాడని టామ్‌కి అప్పుడు తెలుస్తుంది. ఆమె పెద్దదైపోయింది, బార్టీ అనే కుర్రాడితో మాటల్లో పడింది. తప్పు ఆమెది కాదు. మా చిన్నాడికి మాత్రం చాలా కోపం వచ్చింది, రెండు రోజులు హ్యాటీ పేరెత్తనివ్వలేదు.

ఆ తర్వాతి రాత్రి టామ్ తలుపు తీస్తే తోట ఉండదు. చెత్తడబ్బాల మీద పడి "హ్యాటీ!" అని ఇల్లంతా లేచేలా అరుస్తాడు. పొద్దున్నే ఇంటావిడ క్షమాపణ చెప్పుకోవడానికి వాణ్ణి పైకి రమ్మంటుంది. ఆ ముసలావిడే హ్యాటీ. బార్టీని పెళ్ళి చేసుకుంది, ఇద్దరు కొడుకులూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు, భర్తా పోయాడు. ఒంటరిగా ఈ ఇంటికే వచ్చి ఉంటోంది. రాత్రుళ్ళు చిన్నతనం కలగంటుంది. టామ్ వెళ్ళింది ఆవిడ కలలోకి. కూలిన చెట్టు మళ్ళీ ఎందుకు నిలబడిందో ఇప్పుడు చెప్పగలరు పిల్లలు. తలుచుకునేటప్పుడు మనం వరసగా తలుచుకుంటామా? ఆడుకోవడానికి తోడు కావాలని కింద ఒకరు, పైన ఒకరు ఒకే రాత్రి కోరుకున్నారు. గడియారం ఆవిడదేనని మొదట్లోనే చెప్పింది రచయిత్రి. ఆధారాలన్నీ మన కళ్ళ ముందే పెట్టింది, మనమే ముసలావిణ్ణి మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు.

చివరి అధ్యాయం మాత్రం ముందే చెప్పెయ్యకు. దానికి ముందు ఆపి, వారం రోజులు వాళ్ళ చేత ఊహించి రాయించు. ఇంగ్లీషు కష్టమైతే నువ్వు చదివి తెలుగులో చెప్పు, వాళ్ళని తెలుగులోనే రాయమను. ఏబెల్ వైపు నుంచి ఒక పేజీ రాయమను: రోజూ తోటలో ఎవరికీ కనబడని పిల్లాడు తిరుగుతుంటే ఆయనకెలా ఉండి ఉంటుంది? మన పిల్లలు దీనికి బ్రహ్మాండంగా రాస్తారని నా నమ్మకం.

మీ మరిదిగారి స్నేహితుడు వచ్చే నెల విజయవాడ వస్తున్నారు. పుస్తకం ఆయన చేతికిచ్చి పంపుతున్నాను, అమ్మకి మోకాళ్ళకి కట్టుకునే బెల్టు కూడా అందులోనే పెట్టాను. బిగుతుగా ఉంటే చెప్పమను, సైజు మార్చి పంపుతాను. పిల్లలు రాసిన కాగితాలు ఫొటోలు తీసి పంపు. దిద్దకుండా పంపు.

ప్రేమతో,
నీ చెల్లి