పక్షవాతం వస్తే స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి

సంపాదకులకు నమస్కారం.

మూతి వంకరపోయి, మాట తడబడి, కుడి చెయ్యి పడిపోయిన మా అన్నయ్యకు పసరు మందు పోయించమని ఇరుగుపొరుగు వారు చెప్పినా, వదిన వినకుండా 108కు ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తరలించడం వల్ల ఆయన నేడు తన పనులు తానే చేసుకోగలుగుతున్నారు. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. అదీ రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే. రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయాన్ని వైద్యులు మొదట అడిగేది అందుకే. ఈ సంగతి ఎన్ని ఇళ్లలో తెలుసు? స్కాన్, ఈ ఇంజెక్షన్ రాత్రివేళ కూడా లభించే సమీప ఆసుపత్రి పేరును ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడపై పెద్ద అక్షరాలతో రాయించాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి