మనసుకు తోడు నిలిచినవాళ్లకు శాలువా: కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధిదీపాలు, పార్కు బోరు, వినాయక చవితి, బతుకమ్మ ఖర్చులన్నీ జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. ఆడిట్ పూర్తయింది, ఆఫీసు గదికి వచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. ఈ నివేదికలో ఎక్కువ చోటు అక్టోబర్ 10న కమ్యూనిటీ హాల్‌లో జరిగిన సన్మాన సభకే ఇస్తున్నాను. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది అదే.

అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. 1992 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ఒక డాక్టరు గారిని పిలిచి ఉపన్యాసం పెట్టిద్దామని కమిటీలో మొదట అనుకున్నాం. మాట్లాడుకుంటూ పోతే అసలు లోటు ఎక్కడుందో తెలిసింది. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. అక్కడిదాకా మనిషిని తీసుకుపోయేవాళ్లే తక్కువ. ఎవరైనా చూస్తారేమో, రేపు పిల్ల పెళ్లికి అడ్డమవుతుందేమో అని నెలల తరబడి ఇంట్లోనే దాచిపెడుతున్నారు. కొందరు అమావాస్యకు చెరువుగట్టు గుడికి పోయి నిద్రచేసి వస్తారు. మొక్కు ఎవరి నమ్మకం వాళ్లది. మొక్కుతోపాటు మందు కూడా వాడాలని చెప్పి, వెంట నడిచే మనిషి కావాలి. అలా నడిచినవాళ్లనే వెతికి పిలిచాం.

వాళ్ల పేర్లు సభలో చదివాం గానీ ఇక్కడ రాయడం లేదు. ఈ కాగితం ఇంటింటికీ తిరుగుతుంది. ఫలానా అక్క ఎవరింటికి పోయిందో లెక్కలు కట్టేవాళ్లకు అవకాశం ఇవ్వకూడదని వాళ్లే కోరారు.

మొదటి సన్మానం మన వార్డు ఆశా వర్కర్‌కు. ఆమె పద్ధతి నేను దగ్గరుండి చూశాను. ఒక ఇంట్లోకి పోయి కూర్చొని, చాయ్ తాగాక, 'పెద్దమ్మా, గోలీలు ఎన్ని మిగిలినయ్?' అని అడిగింది. స్ట్రిప్ చేతిలోకి తీసుకుని ఖాళీ గుంటలు లెక్కపెట్టింది. వెనకవైపు రేకు మీద మళ్లీ ఎప్పుడు ఆసుపత్రికి పోవాలో పెన్నుతో రాసి ఉంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, మత్తు లాంటివి ఉంటే 'ఈ గోలీలు పడతలేవు' అని చాలామంది మానేస్తారు. కాస్త నయమనిపించగానే మానేసేవాళ్లు ఇంకొందరు. ఆ రెండు చోట్లా మనిషిని పట్టి నిలబెట్టే పని ఆమెది. దీనికోసం ఆమెకు ప్రత్యేకంగా ఎవరూ ఏమీ ఇవ్వరు.

రెండోది గ్రంథాలయంలో చదువుకునే కుర్రాళ్ల బృందం. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, పరీక్ష వాయిదాలు పడుతూ పోయి చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. మన సభ నాటికి ఇంకా జరగలేదు. రెండేళ్లు ఇంట్లో డబ్బులడుగుతూ, చుట్టాల ప్రశ్నలకు జవాబు చెప్పలేక ఆ పిల్లలు పడిన టెన్షన్ మనందరం చూసిందే. వీళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. రోజూ వచ్చేవాడు రెండు రోజులు కనబడకపోతే ఇద్దరు వాడి రూమ్‌కు పోవాలి. ఫోన్ చేసి ఊరుకోవద్దు, పోయి చూడాలి, కలిసి అన్నం తినాలి. ఎంత తెలివైన నియమమో చూడండి. ఇంటర్ ఫలితాల సమయంలో మనం కూడా ఇదే చేయాలి.

మహిళా పొదుపు సంఘం వాళ్లకు మూడో శాలువా. కాన్పయిన రెండో నెలలో ఒక సభ్యురాలు మీటింగులకు రావడం మానేసి, బిడ్డను ఎత్తుకోనని ఏడుస్తుంటే, 'పచ్చి బాలింత, గాలి సోకింది' అన్న మాటలు పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఎరువుల దుకాణం ఆయన సన్మానం వద్దన్నా బలవంతంగా పిలిచాం. మనలో చాలామందికి ఊళ్లో పత్తి చేన్లు, బత్తాయి తోటలు ఉన్నాయి. ఎవరైనా మొహం వేలాడేసుకుని ఒంటరిగా వస్తే ఆయన పురుగుమందు అమ్మరు. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఇంటికి ఫోన్ చేస్తారు. చనిపోవాలన్న ఆ తీవ్రమైన ఆలోచన చాలాసార్లు కొద్దిసేపటిదే, ఆ కాసేపు దాటిస్తే మనిషి దక్కుతాడు. పురుగుమందులు ఇంట్లో ఉంచకుండా, తాళం వేసిన పెట్టెలో, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేలా చూడమని సభ్యులను కోరుతున్నాను.

సభలో ఎక్కువమంది అడిగింది పోలీసు కేసు గురించి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి, వేరేలా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. కాబట్టి కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయవద్దు. ఇదే చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి.

మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసి సాయం అడిగే టెలిమానస్ నంబర్ 14416ను నోటీసు బోర్డు మీద, రెండు గేట్ల దగ్గర పెయింట్ చేయించాం. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

వచ్చే ఏడాది సన్మానానికి పేర్లు ఆగస్టు నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వండి. ఇచ్చేముందు ఆ మనిషిని అడిగి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి. సాయం పొందినవాళ్ల వివరాలు మాత్రం రాయవద్దు.